పంటి కింద విమానం

ఆ శనివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. విమానానికి మూత అతికించాలి, క్లినిక్కుకి వెళ్ళి నలుగురైదుగురు రోగుల్ని చూడాలి, సాయంత్రం విమానాన్ని మామగారి రిటైర్డు పైలట్ల క్లబ్బు హాలుకి పట్టుకెళ్ళి పదిమంది ముందూ బల్ల మీద పెట్టాలి. అప్పుడు మామగారు దాన్ని చూసి ‘బాగుంది’ అనాలి. చివరిది తన చేతిలో లేదని డాక్టరుకి తెలుసు. మిగిలినవన్నీ తన చేతిలోనే ఉన్నాయనుకున్నాడు, పాపం.

మామగారు వయసులో ఉండగా యుద్ధవిమానం నడిపిన మనిషి. ఒక్క ఇంజను, ఒక్క సీటు ఉన్న పాతకాలపు జెట్టు. ఇప్పుడా జెట్టు ఎక్కడా ఎగరడం లేదు గానీ, మామగారు మాత్రం ఇంకా కిందికి దిగలేదు. అల్లుడి ఇంటికి వచ్చినప్పుడల్లా పైనుంచే చూస్తారు. కారు వంకరగా పెట్టారంటారు. తలుపు కిర్రుమంటోందంటారు. ఓసారి అల్లుడి చేతే దవడపన్ను పీకించుకుని, నోట్లో దూది తీసీ తీయగానే, కుర్చీ రెండంగుళాలు ఎత్తుగా ఉందన్నారు. పన్ను ఎలా పీకాడో మాత్రం అనలేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నోట ‘బాగుంది’ అన్న మాట అల్లుడు ఒక్కసారీ వినలేదు. వినలేదన్న కోపం లోపలెక్కడో అరగని ముద్దలా ఉండిపోయింది.

నాలుగు నెలల కిందట భోజనాల దగ్గర ఆ జెట్టు ప్రస్తావన వచ్చింది. దాని ఫొటో తనూ ఎక్కడో చూశానని డాక్టరు మర్యాదకి అన్నాడు.

“ఫొటో చూసి విమానం తెలిసిందనుకునేది పళ్ళు పీకేవాళ్ళే, అల్లుడుగారూ,” అన్నారు మామగారు, తల ఎత్తకుండా.

డాక్టరు తాడెత్తున లేచాడు. మీ సీటు మీరే గుర్తుపట్టేలా ఆ విమానాన్ని నా చేత్తో చేసి మీ క్లబ్బులో పెడతానని, పెట్టకపోతే చూడమని శపథం చేశాడు. చెయ్యి కడుక్కునే వేళకి కోపం చల్లారి, ఎందుకన్నానురా భగవంతుడా అనుకున్నాడు. కానీ అప్పటికే మామగారు పక్కగదిలోంచి క్లబ్బు అధ్యక్షుడికి ఫోను చేసి చెప్పేశారు. కోపంలో నూతిలో దూకడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. పైకి రావడానికే తాడు కావాలి.

అలా మొదలైంది. అసలు విమానానికి ముప్పై రెండో వంతు నమూనా, ప్లాస్టిక్ ముక్కల పెట్టెగా ఇంటికి వచ్చింది. డాక్టరు భోజనాలబల్ల మీద ముప్పాతిక వంతు ఆక్రమించాడు. రెక్కల మీద రివెట్ల గుర్తులు, పిప్పిపన్ను గుచ్చి చూసే సూదితో ఒక్కొక్కటే పెట్టాడు. పైలట్ సీటు బెల్టులు మాత్రల రేకు కత్తిరించి చేశాడు. ముక్కు తేలికై విమానం తోక మీద కూలబడుతుంటే, రోగుల పళ్ళలో నింపగా మిగిలిన సిమెంటు తెచ్చి ముక్కులో కూరాడు. భార్య మొదటి నెల నవ్వింది. రెండో నెల ఊరుకుంది. మూడో నెలలో, విమానమేమో బల్ల మీదా మనుషులేమో నేల మీదా తింటున్న ఇల్లు ఊరు మొత్తానికి ఇదొక్కటేనని అంది. నాలుగో నెలలో ఏమీ అనలేదు. అది ప్రమాదమని డాక్టరు గ్రహించి ఉండాల్సింది.

ఇక మిగిలింది మూత. మూత అంటే గిన్నె మీది మూత కాదు, పైలట్ తల మీద ఉండే అద్దంలాంటి బుడగ. డాక్టరు దాన్ని కానొపీ అంటాడు. ఇంట్లో అందరూ మూత అంటారు, దానికీ ఆయనకి కోపమే. ఈ నమూనాలు చేసేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఆ బుడగ గాజులా మెరవాలంటే నేలకి రాసే రంగులేని పాలిష్‌లో ముంచి తీసి ఆరబెడతారు. ఆరేలోపు దాని మీద ఒక్క నలుసు పడకూడదు. ఆ ఇంట్లో నలుసు పడని చోటు వంటగది ఒక్కటే, అదీ భార్య పుణ్యమే. అందుకని డాక్టరు ఆవిడ పాలు కాచే స్టీలు గిన్నెలో పాలిష్ పోసి, కానొపీని ముంచి, పైన పళ్ళెం బోర్లించి, గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు.

సగం గడ్డం అయ్యేసరికి వంటగదిలోంచి పళ్ళెం సింకులో పడ్డ చప్పుడయ్యింది. నురగ మొహంతోనే పరుగెత్తాడు. స్టవ్ పక్కన గిన్నె లేదు. భార్య ఉంది.

“ఇక్కడి గిన్నె ఏదీ?”

“నా గిన్నెలో నేలకి పూసే మందు పోశారు. రేప్పొద్దున అందులోనే మీకు పాలు కాచి ఇవ్వాలి నేను.”

“అందులో ఉన్నది ఏం చేశావు?”

“పారేశాను.”

“ఎక్కడ?”

ఆవిడ నాలుగో నెల మౌనమంతా ఒక్క మాటలోకి దిగింది. “చెత్త ఎక్కడ పారేస్తారు? చెత్తబండిలో. ఇప్పుడే సందు తిరిగింది.”

డాక్టరు మరో మాట అడగలేదు. ఒక్క నిమిషం ఆగి సింకులోకి తొంగిచూసినా ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కోపానికి కాళ్ళే గానీ కళ్ళు ఉండవు. మెడలో తువ్వాలు, సగం మొహం నున్నగా, సగం మొహం తెల్లగా, చెత్తబండి వెనకాల వీధిలో పడ్డాడు.

బండి మనిషి మంచివాడు. ఏం పోయిందని అడిగాడు. కానొపీ అన్నాడు డాక్టరు. అదేమిటన్నాడు బండి మనిషి. ఇంత ఉంటుంది, వంపుగా ఉంటుంది, అద్దంలా మెరుస్తుంది అని డాక్టరు వేలు చూపించి చెప్పేసరికి, ఆయన వృత్తి తెలిసిన బండి మనిషికి విషయం అర్థమైపోయింది, ఎవరివో కట్టుడుపళ్ళు. పాపం అతనూ డాక్టరుతోపాటు చెత్త కెలికాడు. దారిన పోయేవాళ్ళు ఆగి ఏమిటని అడిగితే, డాక్టరుగారు ఎవరి పళ్ళో చెత్తలో పారేసుకున్నారని చెప్పాడు. దొరకలేదు. డాక్టరు ఇంటికి వచ్చి, మిగిలిన సగం గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ బుగ్గ కోసుకుని, భార్యతో పలకకుండా క్లినిక్కుకి వెళ్ళిపోయాడు. అక్కడ అప్పటికే ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. బాగుచేయడానికి ఇచ్చిన తన కట్టుడుపళ్ళు భద్రంగా ఉన్నాయా అని అడగడానికి వచ్చాడు.

కానీ డాక్టరు ఉత్త కోపిష్టి కాదు, పనివాడు కూడా. మొదట్లో ఓరోజు సరదాకి, రోగుల పళ్ళకి అచ్చు తీసే ముద్దలో ఆ కానొపీని నొక్కి అచ్చు తీసిపెట్టుకున్నాడు. అది సొరుగులో, పదిమంది దవడల మధ్య పదిలంగా ఉంది. క్లినిక్కులో ఒక యంత్రం ఉంది. పారదర్శకమైన ప్లాస్టిక్ రేకుని మెత్తబడేదాకా కాచి, పళ్ళ నమూనా మీద పరిచి గాలి పీల్చేస్తే, రేకు పళ్ళకి తొడుగులా అతుక్కుంటుంది. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి అలాంటి తొడుగే చేసి ఇస్తారు. తొడుగు చేసే యంత్రం కానొపీ చేయదా? డాక్టరు అచ్చులో సుద్దపోసి గట్టిపడనిచ్చి, కాచిన రేకుని దాని మీదికి లాగించి, అంచులు కత్తిరించి, వెలుగులో ఎత్తి చూసుకున్నాడు. కొత్త కానొపీ. పెట్టెలో వచ్చినదానికన్నా పల్చగా, మెరుపుగా ఉంది. ఉదయం నుంచి మొదటిసారి ఆయన మొహాన నవ్వు వచ్చింది.

అదే యంత్రం మీద అదే పూట మరో పని కూడా ఉంది. మామగారు నిద్రలో పళ్ళు పటపట కొరుకుతున్నారు. పగలల్లా కోప్పడి, చాలక రాత్రి కూడా ఆ పనే చేస్తున్నారని అత్తగారు కూతురితో మొరపెట్టుకుంటే, ఎవరికీ చెప్పకూడదన్న షరతు మీద ఆయన వచ్చి పళ్ళ అచ్చు ఇచ్చి వెళ్ళారు. ముందుపళ్ళు ఆరింటికీ చిన్న తొడుగు చాలు. డాక్టరు అదీ చేశాడు. తొడుగులు పెట్టి ఇచ్చే గుండ్రటి తెల్ల డబ్బాలు రెండు తీసి, ఒకదాంట్లో తొడుగు, ఒకదాంట్లో కానొపీ పెట్టి, మూతలు బిగించి, రోగి కుర్చీకి అడ్డంగా ఉన్న పళ్ళెంలో పక్కపక్కన పెట్టాడు.

అప్పుడే పొద్దుటి ముసలాయన మళ్ళీ లోపలికి వచ్చి, తన పళ్ళు కళ్ళతో చూస్తే గానీ కదలనన్నాడు. డాక్టరుకి మళ్ళీ తల వేడెక్కింది. ఆ వేడిలోనే అసిస్టెంటుతో, కుడివైపు డబ్బా మామగారింట్లో ఇచ్చేయమని, ఎడమవైపుది తన సంచీలో పెట్టమని చెప్పి, ముసలాయన పళ్ళు వెతకడానికి వెళ్ళాడు. అసిస్టెంటు ఆ క్లినిక్కులో మొదటి రోజు నుంచీ ఉన్న మనిషి. కుర్చీకి ఎదురుగా నిలబడి డాక్టరు కుడి దవడ అంటే, అది రోగి కుడి, డాక్టరుకి ఎడమ. పళ్ళ వైద్యంలో అదే నియమం. మొదటి నెలలో ఆవిడ అది మరిచిపోయి డాక్టరు చేత నానా మాటలూ పడింది. ఆ తర్వాత ఎన్నడూ మరిచిపోలేదు. ఆ రోజు కూడా మరిచిపోలేదు. కుర్చీకి కుడివైపున్న డబ్బా తీసి, భోజనానికి వెళుతూ దారిలో మామగారింట్లో ఇచ్చి వెళ్ళింది. అదే డాక్టరుకి ఎడమ. అందులో ఉన్నది కానొపీ.

మధ్యాహ్నం డాక్టరు ఒక రోగి పన్ను తెరిచి నరం తీస్తుండగా ఫోను మోగింది. అసిస్టెంటు ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకుంది.

“అల్లుడుగారూ, మీ వస్తువు వచ్చింది,” అన్నారు మామగారు. “ఇది కుదురుగా కూర్చోవడం లేదు. ఇటు నొక్కితే అటు లేస్తోంది. ముందు ఏదో మొన ఉంది, పెదవికి గుచ్చుకుంటోంది. మా రోజుల్లో ఇలాంటి పనితనం...”

పనితనం అన్న మాట దగ్గర డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. పాలగిన్నె, చెత్తబండి, కోసుకున్న బుగ్గ, ముసలాయన పళ్ళు, అన్నీ కలిసి నాలుక మీదికి వచ్చాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపడం లోకంలో ఉన్నదే. డాక్టరు ఆ రోజు అందరి మీదా కోపం మామగారి మీద చూపించాడు.

“మామగారూ, పదకొండేళ్ళుగా మీరు చెబుతున్నారు, నేను వింటున్నాను. ఇవాళ మీరు వినండి. కొత్తలో అది అలాగే ఉంటుంది. రాత్రికి అలవాటు కావాలంటే ఇప్పుడే నోట్లో పెట్టుకోవాలి. పెట్టుకోండి. గట్టిగా కొరికి పట్టుకోండి. నేను తీయమనేదాకా తీయకండి. అంతదాకా మాట్లాడకండి కూడా.”

కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న రోగి కూడా ఊపిరి బిగబట్టాడు.

“సరే,” అన్నారు మామగారు.

డాక్టరు తన చెవుల్ని తను నమ్మలేదు. మామగారు కోపిష్టే గానీ, ఒకప్పుడు ఆజ్ఞ అంటే ఏమిటో నేర్చుకున్న మనిషి. స్పష్టంగా ఆజ్ఞ ఇచ్చేవాడు ఇన్నేళ్ళకి మళ్ళీ దొరికాడేమో, మారు మాట్లాడకుండా కానొపీని పళ్ళకి తగిలించి, గట్టిగా కొరికి కూర్చున్నారు. నాలుగు నెలల శ్రమకి చిట్టచివరి ముక్కని పళ్ళ కింద పెట్టి నలపమని ఆజ్ఞాపించిన అల్లుడు, పదకొండేళ్ళ కసి తీరి, ఈల వేసుకుంటూ నరం తీశాడు.

సాయంత్రం బయల్దేరేసరికి ఆలస్యమైంది. కానొపీని హాలు దగ్గర అతికించుకోవచ్చు, ఒక్క బొట్టు జిగురు పని. భార్య విమానాన్ని ఒడిలో పెట్టుకుని కారులో కూర్చుంది. మొగుడి మీద ఎంత కోపమున్నా విమానం కుదుపుకి కదలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

హాలు వెనక గదిలో విమానాన్ని బల్ల మీద దింపి, డాక్టరు సంచీలోంచి డబ్బా తీసి మూత విప్పాడు. లోపల మామగారి ముందుపళ్ళు ఆరూ, తళతళా మెరుస్తూ, ఆయన్ని చూసి ఇకిలించాయి.

అసిస్టెంటుకి ఫోను చేశాడు. కుడివైపు డబ్బాయే ఇచ్చానంది ఆవిడ, మీరు చెప్పినట్టే.

“నా కుడి అమ్మా.”

“క్లినిక్కులో మీ కుడి ఎప్పటినుంచి సార్?” అంది ఆవిడ.

డాక్టరుకి అరవడానికి నోరు రాలేదు. అరిచి నేర్పిన పాఠం అది. తలుపు సందులోంచి హాల్లోకి చూశాడు. మామగారు అప్పుడే వస్తున్నారు, ఇస్త్రీ కోటు, బిగించిన పెదాలు, పై పెదవి కింద ఏదో ఉబ్బెత్తుగా. వెనకాలే అత్తగారు, పెళ్ళికూతురంత సంతోషంగా. ఆవిడ నేరుగా కూతురి దగ్గరికి వచ్చి, మీ ఆయన చేతిలో ఏం మహత్యం ఉందో గానీ మధ్యాహ్నం నుంచి ఇంట్లో ఒక్క కేక లేదని, ఇంకో రెండు అలాంటివి చేయించి ఉంచమని చెవిలో చెప్పింది.

హాల్లో మామగారి మౌనం అంతకన్నా పెద్ద పని చేసింది. ఆ మనిషి ఎప్పుడూ గుమ్మంలోనే మొదలుపెడతారు. కుర్చీలు ఇలా వేశారేమిటి, ఆ లైటు వెలగదేమిటి అని. ఆ రోజు పళ్ళు బిగబట్టి అందర్నీ చూస్తూ నిలబడేసరికి జనానికి గుండె జారింది. ఇదేదో మామూలు కోపం కాదనుకున్నారు. అధ్యక్షుడు ఆయన్ని రెండో వరసలో కూర్చోబెట్టబోయి, ఆయన చూపు చూసి మొదటి వరసకి మార్చాడు. అక్కడా ఆయన పలకకపోయేసరికి వేదిక మీద తన పక్క కుర్చీయే ఇచ్చాడు. ఒకప్పుడు ఆయనతో పనిచేసిన ఒక పొట్టి మనిషి దగ్గరికి వచ్చి, ఆనాడు మీ వంతు విమానం నేను తీసుకెళ్ళడం తప్పేనని, ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదని, క్షమించమని చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట కోసం మామగారు ముప్పై ఏళ్ళుగా అతనితో గొంతు చించుకుంటున్నారు. ఇప్పుడది దొరికితే, పాపం మింగలేక కక్కలేక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు వేదిక కింద నిలబడి సైగలు చేశాడు. నోటి దగ్గర వేళ్ళు పెట్టి, పట్టుకుని లాగుతున్నట్టు చూపించాడు. మామగారు అది చూసి, పట్టు సడలిందేమోనని అల్లుడు హెచ్చరిస్తున్నాడనుకున్నారు. తల ఊపి, దవడ కండరాలు పొంగేలా మరింత గట్టిగా కొరికారు. ఆయన ముందున్న మైకులో ‘టక్’ మని వినిపించింది. మైకు పాడైందనుకుని అధ్యక్షుడు దాన్ని రెండుసార్లు తట్టాడు. ఆ చప్పుడు ఎక్కడిదో డాక్టరుకి మాత్రం తెలుసు. ఇక లాభం లేదని మెట్లెక్కబోయాడు. ఇదిగో మన డాక్టరుగారు అంటూ అధ్యక్షుడు ఆయన భుజం పట్టుకుని ముందుకు లాగాడు. విమానాన్ని వేదిక మీదికి తెచ్చేశారు. పైన గుడ్డ కప్పి ఉంది. అధ్యక్షుడు రెండు ముక్కలు మాట్లాడి గుడ్డ తీసేశాడు.

విమానం నిలబడింది. మామూలుగా నిలబడలేదు. ఇన్నాళ్ళకి మళ్ళీ కదలబోతున్నట్టు ముక్కు కొంచెం వంచి నిలబడింది. ముందు వరసవాళ్ళు మెడలు చాపారు. తర్వాత వెనక వరసలోంచి ఎవరో, మూత ఏదీ అన్నారు. మరొకరు, మూత లేకుండా ఎగిరితే టోపీ ఎగిరిపోతుందన్నారు. నవ్వులు మొదలయ్యాయి. ‘నా అల్లుడు చేస్తున్నాడు’ అని నాలుగు నెలలుగా ఊదరగొట్టింది దీని గురించేనా అని ఇంకెవరో అన్నారు. మామగారు కుర్చీలోంచి లేచారు. మొహం ఎర్రబడింది. నా అల్లుడు చేస్తున్నాడని నాలుగు నెలలుగా ఈ హాల్లో ప్రతి మనిషికీ చెప్పింది ఆయనే. ఆ సంగతి డాక్టరుకి ఇప్పుడే తెలిసింది, ఆ నవ్వేవాళ్ళ మాటల్లోంచే. పదకొండేళ్ళుగా తనెదుట ఒక్క మాట అనని మనిషి, చాటున ఊరంతా చెప్పుకున్నాడు. అది వినగానే ఆయన మీద ఇంకా కోపం వచ్చింది. ఆ ఒక్క మాట నాతో అని ఉంటే నీ సొమ్మేం పోయేదని అరవాలనిపించింది.

“మామగారూ,” అన్నాడు మెల్లిగా. “ఇక తీయండి.”

మామగారు వెనక్కి తిరిగి, రుమాలు అడ్డం పెట్టుకుని, నోట్లోది తీశారు. మూడు గంటలుగా దాచిన తిట్లన్నీ పెదాల మీదికి వచ్చినట్టు నోరు తెరిచారు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. రుమాల్లోదాన్ని అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. దాన్ని చూసి విమానాన్ని చూశారు. తుడిచి, రెండు వేళ్ళతో పట్టుకుని, పైలట్ సీటు మీద పెట్టారు. వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

ముందు ఆ పొట్టి మనిషి వచ్చాడు, ఆ వెనక అందరూ వచ్చారు. కళ్ళజోళ్ళు పైకీ కిందికీ జరుపుకుంటూ విమానం మీదికి వంగారు. కానొపీ నిండా గీతలు, నొక్కులు, ఎడమ అంచు దగ్గర సన్నటి పగులు.

“ఈ పగులు చూడండి,” అన్నాడు పొట్టి మనిషి. “మన వాటన్నిటికీ సరిగ్గా ఇక్కడే వచ్చేది.”

గీతలు కూడా అచ్చం అంతేనన్నాడు మరొకాయన. ఎండలో నిలబెట్టి నిలబెట్టి, ఇసక కొట్టి కొట్టి అలాగే మసకబారేవన్నాడు. మూత లేకుండా ముందు చూపించి, ఆ తర్వాత పైలట్ చేతే పెట్టించడం గొప్ప ఆలోచన అన్నాడు అధ్యక్షుడు. డాక్టరు ఆ రివెట్ల గుర్తులు చూడండి, సీటు బెల్టులు చూడండి అని రెండుసార్లు అనబోయాడు. ఎవరూ వినలేదు. అందరికీ మూతే కావాలి.

“ఈ గీతలు ఇంత సహజంగా ఏ పనిముట్లతో పెట్టారు డాక్టరుగారూ?” అని అడిగాడు అధ్యక్షుడు.

డాక్టరు మామగారి వైపు చూశాడు. మామగారు మీసం సర్దుకున్నారు.

“సొంత పనిముట్లే,” అన్నారు.

జనం పల్చబడ్డాక ఆయన అల్లుడి పక్కకి వచ్చి నిలబడ్డారు. “నోట్లో పెట్టుకున్నప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను, ఈ వంపు నాకెక్కడో తెలుసునని,” అన్నారు. తర్వాత, పంటికి తగులుతున్నట్టు కొంచెం కష్టపడి, “అల్లుడూ, మూత బాగుంది.”

గారు లేదు. అల్లుడూ అన్నారు. పదకొండేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చింది. డాక్టరు దాన్ని ఆనందంగా అందుకోబోయి, సగంలో ఆగాడు. నాలుగు నెలలు కళ్ళు పొడుచుకుని చేసిన విమానంలో, ఆయన మెచ్చుకున్నది తన పళ్ళతో కొరికిన ముక్కని. సంతోషమూ కోపమూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో తెలియక, డాక్టరు తల ఊపి ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చాక భార్య వంటగదిలోకి వెళ్ళింది. పొద్దున సింకులో నీళ్ళు పోసి నానబెట్టిన గిన్నె తోమబోయి, ఆగిపోయి, ఆయన్ని పిలిచింది. నీళ్ళు వంపితే గిన్నె అడుగున అద్దంలాంటి బుడగ ఒకటి, పాలిష్‌తో అతుక్కుని, మచ్చ లేకుండా మెరుస్తోంది. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

“సింకులోనే పారబోశాను,” అంది ఆవిడ, ఆయన మొహం చూడకుండా. “ఇది అడుగున అంటుకుని ఉందని తెలీదు. చెత్తబండి అని కోపంలో అన్నాను.”

డాక్టరు నోరు తెరిచాడు. ఎవర్ని తిట్టాలో వెతికాడు. ఆ ఇంట్లో, ఆ క్లినిక్కులో, ఆ ఊళ్ళో తిట్టదగ్గ మనిషి తను తప్ప ఎవరూ కనిపించలేదు. రేపటి నుంచి బల్ల ఖాళీ అని మాత్రం అన్నాడు. ఆవిడ బల్ల వైపు చూసి, ఇన్నాళ్ళూ అలవాటైపోయి ఇప్పుడు బోసిగా ఉందంది.

మర్నాడు డాక్టరు ఆ అసలు కానొపీని పట్టుకుని క్లబ్బుకి వెళ్ళాడు. విమానం అప్పటికే గాజు అలమారలో ఉంది. మామగారు దాని పక్కనే కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళకి వివరిస్తున్నారు. డాక్టరు చేతిలోది చూపించి, పగిలినది తీసి ఇది పెడదామన్నాడు. మామగారు, అధ్యక్షుడు, పొట్టి మనిషి, ముగ్గురూ దాన్ని వెలుగులో పట్టుకుని తిప్పి చూశారు. మరీ నున్నగా ఉందన్నాడు అధ్యక్షుడు. బొమ్మ విమానానిదిలా ఉందన్నాడు పొట్టి మనిషి.

“అసలుది ఉండగా ఈ నకిలీ ఎందుకల్లుడూ,” అన్నారు మామగారు, చాలా ప్రేమగా.

మామగారు నిద్రలో పళ్ళు కొరకడం ఆ రోజుతో మానేశారని అత్తగారు కబురు పంపింది. ప్రస్తుతం ఆ బాధ్యత అల్లుడుగారు చూసుకుంటున్నారు.